హెరిటేజ్ మేనేజ్‌మెంట్ చదివితే ఉద్యోగం వస్తుందా? పుత్తూరు విద్యార్థినికి జవాబు

ప్రశ్న: "మాది పుత్తూరు. తిరుపతిలో బి.ఏ. (హిస్టరీ, టూరిజం) ఫైనలియర్ చదువుతున్నాను. హెరిటేజ్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేయాలని ఉంది. అహ్మదాబాద్‌లో ఈ కోర్సు ఉందని విన్నాను. ఇంట్లో మాత్రం బి.ఎడ్. చేయమంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? దీనికన్నా ఎం.ఏ. ఆర్కియాలజీ మేలా? నాకు ఇంగ్లీష్ అంత బాగా రాదు, అదొక టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు."

సూటిగా చెప్పాలంటే, పాత కట్టడాలను, కళలను కాపాడే ఈ రంగంలో పని ఉంది. కానీ 'హెరిటేజ్ మేనేజర్ కావలెను' అని ప్రకటనలు పడే రంగం కాదిది. శాసనాలు చదివే మనిషి, కొలతలు తీసి డ్రాయింగ్ వేసే మనిషి, సున్నం పని తెలిసిన మనిషి, మ్యూజియంలో వస్తువుల రిజిస్టర్ రాసే మనిషి, డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి నివేదిక) తయారుచేసే మనిషి, వీళ్ల కోసం వెతుకుతారు. వీటిలో ఒక పని చేతికొచ్చాక మేనేజ్‌మెంట్ చదివితే ఆ చదువుకు విలువ ఉంటుంది. ఏ పనీ రాకుండా అదొక్కటే చదవడం పప్పు ఉడక్కుండానే తాలింపు పెట్టడం. పాత కట్టడాల డాక్యుమెంటేషన్, కన్జర్వేషన్ ప్లాన్లు రాసే పనిలో నేను ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు డిగ్రీ పేరు చూసింది తక్కువ, 'ఇంతవరకు ఏం చేశారో చూపించండి' అని అడిగిందే ఎక్కువ.

ఇంతకీ ఆ చదువులో ఏం నేర్పుతారు? బ్రోషర్లు చూస్తే అర్థం కాదు. మీకు తెలిసిన ఊళ్లతోనే చెప్తాను.

శ్రీకాళహస్తి గాలిగోపురం కృష్ణదేవరాయలు 1516లో కట్టించినది. 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. పగుళ్లు అంతకుముందే కనిపించాయి, జనాన్ని ఖాళీ చేయించారు కాబట్టి ప్రాణాలు పోలేదు. దాని స్థానంలో కొత్త గోపురం కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. ఇక్కడ ఇంజనీరు అడిగే ప్రశ్న 'పునాది ఎందుకు దెబ్బతింది' అని. గుడి కట్టే స్థపతి ప్రశ్న వేరు: కొత్తది శాస్త్రం ప్రకారం ఎలా లేపాలి? హెరిటేజ్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్లు తలకెత్తుకోవాల్సిన ప్రశ్నలు ఇంకొన్ని ఉన్నాయి. పగులు మొదట చూసినవాళ్లు ఎవరికి చెప్పారు? ఆ మాట ఏ రిజిస్టర్‌లో ఎక్కింది? కొలిచారా? పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్క అతికిస్తే, పగులు కదులుతున్నప్పుడు అది పగిలిపోతుంది. ఖర్చు దాదాపు ఏమీ లేని పని. ఆ గాజు ముక్కను నెలనెలా చూసి తేదీ వేసి రాసేవాళ్లు ఉండాలి. రాసింది పై అధికారి టేబుల్ మీదికి వెళ్లాలి. దాన్నిబట్టి బడ్జెట్‌లో ఒక పద్దు కదలాలి. ఈ గొలుసు తెగకుండా చూడటమే మేనేజ్‌మెంట్. ఇందులో గ్లామర్ ఏమీ లేదు, ముందే చెప్తున్నాను.

ఇంకో ప్రశ్న. ఇప్పుడున్న గోపురం పాతదా, కొత్తదా? భక్తుడికి అది ఆ గోపురమే. పాత కట్టడాలను ఎలా కాపాడాలో చెప్పే 1964 నాటి అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్‌ను పట్టుకుని చూసేవాళ్లకు అసలు రాయి, అసలు ఇటుక పోయాయి కాబట్టి అది కొత్త కట్టడం. 1994లో జపాన్‌లోని నారాలో రాసుకున్న పత్రం ఈ మాటను కొంత సడలించింది. అసలుతనాన్ని వాడిన పదార్థాన్నిబట్టే కాదు, వాడకం, సంప్రదాయం, పనితనాన్ని బట్టి కూడా చూడాలంది. ఎం.ఏ.లో ఈ పత్రాలన్నీ చదివిస్తారు. వీటిని పరీక్ష కోసం బట్టీ పట్టినవాళ్లనూ చూశాను, శ్రీకాళహస్తి సన్నిధి వీధిలో నిలబడి వాటి మీద అరగంట వాదించగలిగినవాళ్లనూ చూశాను. రెండో రకం వాళ్లకే పని దొరుకుతుంది.

తిరుమల సంగతి ఇంకా చిక్కు. గుడి ఎదురుగా ఉండిన 15వ శతాబ్దపు వేయికాళ్ల మండపాన్ని 2003లో తీసేశారు. రద్దీకి చోటు కావాలన్నది ఒక వాదన. చరిత్ర పోయిందన్నది ఇంకో వాదన. నా మట్టుకు నేను రెండో పక్షమే. కానీ మొదటి పక్షాన్ని తోసిపారేసేవాళ్లు ఈ రంగంలో పనికిరారని కూడా అంటాను. వైకుంఠ ఏకాదశి రోజున అక్కడ నిలబడి చూస్తే చోటు ఎంత అవసరమో తెలుస్తుంది. 2025 జనవరి 8న తిరుపతిలో టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. జనం ఎటు నుంచి వస్తారు, ఎక్కడ ఆగుతారు, గేటు ఎప్పుడు తీయాలి, ఇవి కూడా మీ సిలబస్‌లో 'విజిటర్ మేనేజ్‌మెంట్' పేరుతో ఉంటాయి. అదేదో టికెట్లు అమ్మే సబ్జెక్టు అనుకోవద్దు.

చట్టం దగ్గరే చాలామంది తడబడతారు. తిరుమల ఆలయం కేంద్ర ప్రభుత్వ పురావస్తు సర్వే (ఏఎస్ఐ) కింద రక్షిత కట్టడం కాదు, టీటీడీ పాలనలో ఉంది. 2018 మే నెలలో పురావస్తు సర్వే వాళ్లు గుళ్లను తమ రక్షణ కిందికి తెచ్చే విషయమై టీటీడీకి ఒక లేఖ రాసి, పెద్ద గొడవ కావడంతో వెంటనే వెనక్కి తీసుకున్నారు. అదే గుడిమల్లం పరశురామేశ్వరాలయం, చంద్రగిరి కోట కేంద్రం కింద రక్షిత కట్టడాలు. వాటికి 1958 నాటి చట్టం, 2010 సవరణ వర్తిస్తాయి. చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతితోనే. గుడిమల్లం గుడి పక్కన ఇల్లున్నవాళ్లు మేడ మీద ఇంకో గది వేసుకోవాలంటే ఎవరిని అడగాలి? ఆ ఇంటాయనకు చట్టాన్ని విసుగు లేకుండా, అబద్ధం చెప్పకుండా వివరించగలిగితే మీరు సగం మేనేజర్ అయినట్టే. రాష్ట్రం రక్షించే కట్టడాలకు 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. దేవాదాయ శాఖ గుళ్లకు 1987 నాటి చట్టం. ఒకే ఊళ్లో మూడు గుళ్లు మూడు చట్టాల కింద ఉండొచ్చు. ఈ ముక్క తెలియకుండా ప్రాజెక్టు రిపోర్టులు రాసినవాళ్లు ఉన్నారు, వాటిని సరిచేసే పని నాకు పడింది.

ఇక కోర్సులు. అహ్మదాబాద్ యూనివర్సిటీలో హెరిటేజ్ మేనేజ్‌మెంట్ ఎం.ఏ. ఉంది. మంచిదే. ఆ ఊరు 2017లో ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తింపు పొందింది, కాబట్టి క్లాసులో చెప్పిన పాఠం సాయంత్రం వీధిలో కనిపిస్తుంది. కానీ అది ప్రైవేటు యూనివర్సిటీ. ఫీజు, హాస్టల్, ప్రయాణాలు కలిపి మొత్తం ఎంతవుతుందో స్కాలర్‌షిప్ సంగతి తేలాకే లెక్క వేయండి. అప్పు చేసి మాత్రం వెళ్లొద్దు. ఈ రంగంలో మొదటి రెండు మూడేళ్లు ఎక్కువగా కాంట్రాక్టు పనులే. ఆ జీతంతో ఈఎంఐ కడుతూ బతకడం కష్టం.

నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది, పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. మ్యూజియాలజీ, కన్జర్వేషన్, కళాచరిత్ర అక్కడ చెప్తారు. బరోడా ఎం.ఎస్. యూనివర్సిటీ మ్యూజియాలజీ విభాగం 1952 నుంచీ ఉంది. ఢిల్లీ, భోపాల్‌లలోని ఎస్‌పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) కన్జర్వేషన్ ఎం.ఆర్క్ ఉంది కానీ దానికి బి.ఆర్క్ కావాలి, మీకు కుదరదు. గ్రేటర్ నోయిడాలో పురావస్తు సర్వే వాళ్ల ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా స్టైఫండ్‌తో ఇస్తారు. సీట్లు చాలా తక్కువ. ఎం.ఏ. అయ్యాకే అర్హత.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. ప్రభుత్వ నోటిఫికేషన్లలో అర్హత దగ్గర ఏ డిగ్రీల పేర్లు రాస్తారో పాత నోటిఫికేషన్లు నాలుగైదు తీసి చదవండి. పురావస్తు పోస్టులకు ఆర్కియాలజీ, చరిత్ర, ప్రాచీన చరిత్ర, ఆంత్రొపాలజీ లాంటి పేర్లు ఉంటాయి. మ్యూజియం పోస్టులకు మ్యూజియాలజీ ఉంటుంది. 'హెరిటేజ్ మేనేజ్‌మెంట్' అన్న పేరు చాలాచోట్ల కనిపించదు. మీ చదువు ఎంత గొప్పదైనా అప్లికేషన్ స్క్రూటినీలో కూర్చున్న గుమాస్తాకు ఆ పేరు లిస్టులో కనపడాలి. కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో కూడా ఆర్కియాలజీకి ఒక పేపరు, మ్యూజియాలజీ అండ్ కన్జర్వేషన్‌కు ఒక పేపరు ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఏ కాస్త ఉన్నా ముందు ఆ పేర్లున్న ఎం.ఏ. చేయడమే తెలివైన పని. మేనేజ్‌మెంట్‌ను ఆ తర్వాత డిప్లొమాగానో చిన్న కోర్సుగానో కలుపుకోవచ్చు. వారసత్వ పరిరక్షణ కోసం 1984 నుంచి ఉన్న ఇన్‌టాక్ సంస్థ అలాంటి చిన్న కోర్సులు నడుపుతుంది.

కాబట్టి మీ విషయంలో నా ఓటు ఎస్వీ యూనివర్సిటీలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాఖ ఎం.ఏ.కే. పీజీసెట్ రాయాలి. ఖర్చు తక్కువ, ఇంటి నుంచి దగ్గర. ఇది రాజీ అనుకోకండి. ఆ క్యాంపస్‌లోనే ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1939లో టీటీడీ మొదలుపెట్టి తర్వాత యూనివర్సిటీకి అప్పగించినది. అక్కడ తాళపత్రాలున్నాయి. కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి కాపాడే పని పెట్టుకుంది. తాళపత్రం పట్టుకోవడం, దుమ్ము తీయడం, కేటలాగ్ కార్డు రాయడం తెలిసినవాళ్లకు ఇది మంచి సమయం. అదే ఊళ్లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప కళాశాలలో రాతి, లోహ, కొయ్య, సుధ (సున్నపు) శిల్పాలు నేర్పుతారు. హెరిటేజ్ చదవడానికి అహ్మదాబాద్ దాకా పోవాలనుకునే తిరుపతి పిల్లలు ఈ కాలేజీ గేటులోకి ఒక్కసారైనా వెళ్లి ఉండరు, అదే నా బాధ.

మీది పుత్తూరు అన్నారు. మీకు తమిళం వచ్చే ఉంటుంది, కనీసం వింటే అర్థమవుతుంది. అది ఎంత పెద్ద ఆస్తో మీకు తెలిసినట్టు లేదు. తిరుమల, తిరుపతి శాసనాలు వెయ్యికి పైగా ఉన్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వాటి మీద జీవితం పెట్టారు, టీటీడీ వాటిని సంపుటాలుగా అచ్చు వేసింది. వాటిలో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నవే. గుడిమల్లం శాసనాలూ అంతే. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు ఇక్కడి గుడి గోడ ముందు నిలబడి ఏమీ చదవలేరు. తమిళం మాత్రమే వచ్చినవాళ్లకు ఇక్కడి ఊళ్ల పేర్లు, భూముల లెక్కలు తెలియవు. రెండూ వచ్చి, తమిళ ప్రాంతంలో సంస్కృతం రాయడానికి వాడిన గ్రంథ లిపి కూడా పట్టుబడితే మీకు పోటీ చాలా తక్కువ. పురావస్తు సర్వే శాసన విభాగం ప్రధాన కార్యాలయం మైసూరులో ఉంది. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు అడిగి చూడండి. రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయడం నేర్చుకోండి. పర్మిషన్ లేకుండా మాత్రం ఏ గోడనూ ముట్టుకోవద్దు.

సున్నం పని గురించి కూడా ఒక మాట, ఇది నాకు ఇష్టమైన విషయం కాబట్టి కాస్త సాగదీస్తాను. మన జిల్లాల్లో పాత గుళ్లకు వచ్చే ప్రమాదం దొంగల కన్నా భక్తి వల్లే ఎక్కువ. దాత డబ్బిస్తాడు. దాంతో పాత బండలు లేపేసి గ్రానైట్ పరుస్తారు, స్తంభాలకు శాండ్ బ్లాస్టింగ్ చేస్తారు, శాసనం మీద ఎనామిల్ పెయింట్ వేస్తారు, కారుతున్న కప్పు మీద సిమెంటు పోస్తారు. ఇసుకతో కొడితే రాతి పైపొర లేచిపోతుంది, లోతు తక్కువ అక్షరాలు దాంతోపాటే పోతాయి. సిమెంటు తడిని లోపలే పట్టేస్తుంది. సున్నం గోడకు గాలి ఆడనిస్తుంది, లోపలి తేమ బయటికి పోతుంది. చంద్రగిరి రాజమహల్ చూసి రండి. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కొయ్య వాడలేదు. గానుగలో ఆడించిన సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు ఎప్పుడు కలపాలో తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. దాత ముందు కూర్చుని 'స్వామీ, ఈ డబ్బు గ్రానైట్‌కు వద్దు, కప్పు మీద పాత పద్ధతిలో సున్నం గచ్చు వేయిద్దాం' అని ఒప్పించడం, ఆ పనికి పీడబ్ల్యూడీ రేట్లలో లేని ఐటమ్‌కు ఎస్టిమేట్ రాసి ఆమోదం తెప్పించడం, ఈ రెండూ చేయగలిగిన మనిషికి ఖాళీ ఉండదు. కొలతల పుస్తకం, టెండరు, ఆడిట్ అభ్యంతరం, ఇవి ఏ హెరిటేజ్ కోర్సులోనూ సరిగ్గా చెప్పరు. రిటైరైన ఒక మంచి ఇంజనీరును పట్టుకుని నేర్చుకోండి.

హెరిటేజ్ అంటే రాళ్లే కాదు కదా. శ్రీకాళహస్తి కలంకారీ కూడా అంతే. ఆ బట్టను కరక్కాయ, పాలల్లో నానబెడతారు, పటిక పెడతారు, మధ్యమధ్య పారే నీళ్లలో ఉతుకుతారు. స్వర్ణముఖిలో నీళ్లు లేకపోతే ఇది ఆ ఊరి సరుకే అని గుర్తించే జీఐ సర్టిఫికెట్ ఏం చేస్తుంది? స్క్రీన్ ప్రింట్ చీర అదే పేరుతో పక్క షాపులో సగం ధరకు దొరుకుతుంటే కళాకారుడి పిల్లలు ఆ పనిలో ఎందుకుంటారు? తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, మాతంగి వేషం ఏ రోజు ఎవరు వేయాలో, ఏ ఇంటికి ముందు వెళ్లాలో తెలిసిన కుటుంబాలున్నాయి. అది ఏ ఆఫీసు ఫైల్లోనూ దొరకదు. యునెస్కో 2003లో ఇలాంటి వాటి కోసం ప్రత్యేకంగా ఒడంబడిక చేసింది. ఈ వైపు మీకు ఆసక్తి ఉంటే ఆర్కియాలజీ కన్నా జానపద విజ్ఞానం, ఆంత్రొపాలజీ మేలు.

ముందు ముందు ఇక్కడ రాబోయే పని గురించి: 2025 సెప్టెంబరులో తిరుమల కొండలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో సహజ వారసత్వం కింద చేరాయి. శిలాతోరణం మీరు చూసే ఉంటారు. ఘాట్ రోడ్డులో కనిపించే శిలల పొరల మధ్య కోట్ల ఏళ్ల ఎడం ఉంది. లేపాక్షి 2022లోనే ఆ జాబితాలో చేరింది. తాత్కాలిక జాబితా నుంచి అసలు జాబితాకు వెళ్లాలంటే నామినేషన్ పత్రంతో పాటు ఆ స్థలాన్ని ఎలా నిర్వహిస్తారో చెప్పే ప్లాన్ కూడా ఇవ్వాలి. అందులో ఎర్రచందనం అడవీ వస్తుంది, నడకదారులూ వస్తాయి, 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి కొట్టుకుపోవడం లాంటి ప్రమాదాలూ వస్తాయి. ఆ పనికి జియాలజిస్టుతో, ఫారెస్టు వాళ్లతో, టీటీడీతో కలిసి కూర్చుని రాసే మనుషులు కావాలి. హెరిటేజ్ మేనేజ్‌మెంట్ అన్న పేరుకు సరిగ్గా సరిపోయే పని ఇదే, కాకపోతే ఇలాంటివి రోజూ రావు.

బి.ఎడ్. సంగతి. ఇంట్లోవాళ్లను విలన్లుగా చూడకండి, వాళ్ల భయం సహజం. ఎం.ఏ. తర్వాత బి.ఎడ్. చేసే దారి ఎలాగూ మూసుకుపోదు. అప్పుడు పాఠాలు చెప్పడం తెలిసిన చరిత్ర మనిషి అవుతారు. మ్యూజియంలకు బడిపిల్లలను తీసుకొచ్చి చూపించే పనికి అలాంటివాళ్లు సరిపోతారు. 'రెండేళ్లు ఎం.ఏ., అందులో నెట్ ప్రయత్నం, రాకపోతే బి.ఎడ్.' అని తేదీలతో సహా చెప్తే ఇంట్లో ఒప్పుకుంటారని నా నమ్మకం. దేవాదాయ శాఖలో ఈవో (గుడి పాలన చూసే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా పడుతుంటాయి, వాటినీ గమనించండి. పాత గుడిని కాపాడే అధికారం నిజంగా ఉండేది ఆ కుర్చీలోనే. చరిత్ర తెలిసిన ఈవో ఒక్కరుంటే పది సెమినార్ల పని జరుగుతుంది.

ఇంగ్లీష్ గురించి పెద్దగా దిగులు పడకండి. మాట్లాడటం కన్నా రాయడం ముఖ్యం, అదీ ఒకే రకం రాత: ఏముంది, ఏ కొలతలో ఉంది, ఏం పాడైంది, ఎందుకు, ఏం చేయాలి. చిన్న చిన్న వాక్యాలు చాలు. మొదట తెలుగులో రాసుకుని తర్వాత మార్చుకోండి.

అమ్మా, ఈ సెలవుల్లోనే ఒక పని మొదలుపెట్టండి. మీకు దగ్గర్లో కార్వేటినగరం పుష్కరిణి ఉంది, నారాయణవనం గుడి ఉంది. గుడి పెద్దది, పుష్కరిణితో మొదలుపెట్టండి. సంబంధిత ఆఫీసుకు ఒక లెటర్ ఇచ్చి, కాలేజీ సంతకంతో అనుమతి తీసుకోండి. టేపుతో కొలిచి ప్లాను గీయండి, ఉత్తరం ఎటో గుర్తు వేయండి. ప్రతి పక్కా స్కేలు పెట్టి ఫోటో తీయండి. మెట్లు ఎక్కడ కుంగాయి, చెట్టు వేర్లు ఎక్కడ దూరాయి, నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ప్లాను మీద రాయండి. అక్టోబరు, నవంబరు వానల్లో మళ్లీ వెళ్లి చూడండి, ఎండాకాలంలో కనిపించని కారుడు అప్పుడు కనిపిస్తుంది. చుట్టుపక్కల ముసలివాళ్లను తెప్పోత్సవం ఎలా జరిగేదో అడిగి రాసుకోండి. అంతా కలిపి ఇరవై పేజీలు దాటనివ్వొద్దు. ఎక్కడ అడ్మిషన్ ఇంటర్వ్యూకి వెళ్లినా సర్టిఫికెట్ల ఫైలు కన్నా ముందు ఆ ఇరవై పేజీలు టేబుల్ మీద పెట్టండి. ప్లాను గీసేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే ఫోటో పెట్టి అడగండి, చూసి చెప్తాను.